తాళంచెవి తిరగని చేతికి ఒక రిమోట్: పాత మారుతి 800తో చిన్న చరిత్ర

ఈ ఎపిసోడ్ కోసం నా టేబుల్ మీద మూడు వస్తువులు పెట్టుకున్నాను. ఒకటి, మా నాన్న మారుతి 800 తాళంచెవి. నల్ల ప్లాస్టిక్ తల, అరిగిపోయిన పళ్లు. రెండోది, పోయిన దసరాకి నేను కొన్న రిమోట్. మూడోది, దాని తర్వాత మూడు వారాలకి మళ్లీ డబ్బులు పెట్టి కొన్న ఇంకో రిమోట్. ఈ రెండు రిమోట్లూ పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉంటాయి. అవే నాలుగు బటన్లు, అదే ఎర్ర లైటు. మరి రెండోది ఎందుకు కొన్నాను? అది చెప్పాలంటే జర్మనీ, అమెరికా, ఫ్రాన్స్, దక్షిణాఫ్రికా అన్నీ తిరిగి విజయవాడ ఆటోనగర్‌కి రావాలి. ఫోన్ కాస్త పక్కకి ఆనించి పెట్టుకోండి, టైమ్ పడుతుంది.

ముందు మా ఇంటి సంగతి. మాది గుడివాడ వైపు పల్లెటూరు. నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైర్ అయ్యారు. బండి 2003 మోడల్, ఆయన లోన్ పెట్టి కొన్నది. రెండేళ్ల క్రితం ఆయనకి పక్షవాతం వచ్చింది. దేవుడి దయ, నడుస్తున్నారు, మాట బాగానే ఉంది. కానీ కుడిచేతికి పట్టు పోయింది. బండి నడపడం మానేశారు. మానలేనిది ఒకటే, సాయంత్రం పూట వేపచెట్టు కింద ఉన్న బండిలో కూర్చుని రేడియో వినడం. దానికి తలుపు తీయాలి. తలుపు తీయాలంటే తాళంచెవి పట్టుకుని తిప్పాలి. మీకూ నాకూ అర సెకను పని. ఆయన ఎడంచేత్తో ప్రయత్నిస్తే చెవి కిందపడేది, వంగి తీసుకోలేరు. అమ్మని పిలవాలి, లేకపోతే పక్కింటి కుర్రాణ్ని పిలవాలి. కొన్నాళ్లకి పిలవడం మానేసి వరండాలోనే కూర్చోవడం మొదలుపెట్టారు. నేను పండక్కి వెళ్లినప్పుడు అమ్మ చెప్పింది. అలా మొదలైంది ఈ కథ.

సరే, చరిత్రకి వద్దాం.

అసలు కార్లకి మొదట్లో తాళమే లేదు. 1886లో కార్ల్ బెంజ్ పేటెంట్ తీసుకున్న మూడు చక్రాల బండికి తలుపులే లేవు, ఇక తాళం ఎక్కడ వేస్తాం? తర్వాత చాలా ఏళ్లు ఇంజిన్‌ని ముందు హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పి స్టార్ట్ చేసేవాళ్లు. అది వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. ఛార్లెస్ కెట్టరింగ్ అనే ఇంజినీర్ చేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్ 1912 మోడల్ క్యాడిలాక్‌లో వచ్చాకే ఆ బాధ తగ్గింది. అప్పటికీ తాళంచెవి పని వేరే. అది కరెంటు స్విచ్ లాంటిది, అంతే. స్టార్టర్‌కి వేరే బటన్ ఉండేది. మనం ఇప్పుడు మామూలు అనుకునే పద్ధతి, అంటే చెవి పెట్టి తిప్పితే ఇంజిన్ లేవడం, అమెరికాలో క్రైస్లర్ కార్లలో 1949లో వచ్చింది. అంటే మన తాతల కాలంలో అదే లేటెస్ట్ టెక్నాలజీ అన్నమాట.

మన దేశంలో కారు తాళంచెవికి ఒక ఫేమస్ ఫొటో ఉంది. 1983 డిసెంబర్ 14న అప్పటి ప్రధాని ఇందిరా గాంధీ మొదటి మారుతి 800 తాళాన్ని హర్‌పాల్ సింగ్ అనే ఆయనకి అందించారు. లాటరీలో పేరొచ్చిన మొదటి కస్టమర్ ఆయన. కారు ధర 50 వేలకి అటూ ఇటూ. ఆ ఫొటోలో అందరి కళ్లూ కారు మీద ఉంటాయి, నా కళ్లు మాత్రం ఇప్పుడు ఆ చేతుల మీదకే పోతున్నాయి. దేశమంతా తాళం అందుకోవడం ఒక పండగలా చూసిన ఆ రోజుకే, వేరే దేశాల్లో తాళాన్ని వదిలించుకునే పని మొదలైపోయింది.

1980లో ఫోర్డ్ కంపెనీ అమెరికాలో థండర్‌బర్డ్, లింకన్ లాంటి మోడళ్లలో డ్రైవర్ తలుపు మీద ఐదు బటన్లు పెట్టింది. ఒక్కో బటన్ మీద రెండు అంకెలు. 1, 2 కలిపి ఒకటి, 3, 4 కలిపి ఒకటి, అలా. ఐదంకెల కోడ్ నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. మీ ఫోన్ పిన్ లాంటిదే. ఇక్కడ చిన్న లెక్క చూడండి. పది అంకెలు కనిపిస్తున్నాయి కదా అని లక్ష కోడ్‌లు అనుకుంటాం. బటన్లు ఐదే కాబట్టి నిజానికి ఐదుని ఐదుసార్లు గుణించుకోవాలి, 3,125 మాత్రమే. పైకి కనిపించే భద్రతకీ లోపల ఉన్న భద్రతకీ తేడా ఆ రోజు నుంచే ఉంది.

1982లో ఫ్రాన్స్ వంతు. రెనో కంపెనీ ఫ్వేగో అనే కారులో రిమోట్‌తో సెంట్రల్ లాకింగ్ ఇచ్చింది. దాని వెనక ఉన్న ఆవిష్కర్త పేరు పాల్ లిప్‌షుట్జ్. ఆయన పేరులోంచే ఆ రిమోట్‌కి ‘ప్లిప్’ అని పేరొచ్చింది. ఫ్రెంచ్ వాళ్లు ఇప్పటికీ కారు రిమోట్‌ని ప్లిప్ అనే అంటారట. అది పనిచేసింది ఇన్‌ఫ్రారెడ్ మీద, అంటే మన టీవీ రిమోట్ లాగే. టీవీ రిమోట్‌తో ఉన్న తిప్పలన్నీ దానికీ ఉంటాయి. గురి చూసి నొక్కాలి, మధ్యలో ఏదీ అడ్డు రాకూడదు. అందుకే తర్వాత తర్వాత కంపెనీలన్నీ రేడియోకి మారాయి. అమెరికా, జపాన్‌లలో ఎక్కువగా 315 మెగాహెర్ట్జ్, యూరప్‌లోనూ మన దగ్గరా 433.92 మెగాహెర్ట్జ్. రేడియోకి గురి అక్కర్లేదు, జేబులోంచి నొక్కినా పనిచేస్తుంది.

కానీ రేడియోతో ఒక చిక్కు వచ్చిపడింది. వీధి మొత్తానికీ వినిపిస్తుంది అది.

తొలి తరం రేడియో రిమోట్లు చేసేది ఒకటే పని. బటన్ నొక్కిన ప్రతిసారీ ఒకే నంబర్ గాల్లోకి వదలడం. కారులోని పెట్టె ఆ నంబర్ విని, తన దగ్గరున్న దానితో సరిపోతే తలుపు తీస్తుంది. ఫిక్స్‌డ్ కోడ్ అంటారు దీన్ని. ఆ నంబర్‌ని ఎవడైనా ఒక్కసారి రికార్డ్ చేసుకుని మళ్లీ వదిలితే చాలు, కారుకి తేడా తెలీదు. ఇది నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు. మా వాకిట్లోనే చూశాను.

ఏం జరిగిందంటే, దసరా సెలవల్లో ఒక షాపులో (పేరు చెప్పను) నాలుగు తలుపుల సెంట్రల్ లాక్ కిట్ కొన్నాను. రిమోట్లు రెండు, కంట్రోల్ పెట్టె, నాలుగు చిన్న మోటార్లు, వైర్లు, అన్నీ కలిపి 1,900 రూపాయలు. “రోలింగ్ కోడేనా అన్నా?” అని అడిగాను. “అన్నీ అవే తమ్ముడూ ఇప్పుడు” అన్నాడు. అట్టపెట్టె మీద కూడా అలాగే ఉంది. ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ బాబాయ్ ఉన్నాడు, ఆయనకి 700 ఇచ్చి బిగించాం. పని పూర్తయ్యాక ఆయనే, “బాబూ, ఊరికే ఒకసారి చూద్దాం” అని, తన డబ్బాలోంచి గేట్లకి వాడే డూప్లికేట్ రిమోట్ తీశాడు. దాన్నీ మన రిమోట్‌నీ దగ్గర పెట్టి రెండు బటన్లు నొక్కాడు. నాలుగు సెకన్లు. తర్వాత ఆ డూప్లికేట్ నొక్కితే టక్‌మని మా కారు నాలుగు తలుపులూ తెరుచుకున్నాయి.

నా మొహం చూడాల్సింది ఆ టైమ్‌లో.

రిమోట్ విప్పితే లోపల ఎనిమిది కాళ్ల చిన్న చిప్పు, దాని మీద 1527 అని ఉంది. ఈ రకం చిప్పుకి ఫ్యాక్టరీలోనే 20 బిట్ల నంబర్ వేసేస్తారు. అంటే పది లక్షల పైచిలుకు నంబర్లలో ఒకటి మీది. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ ఆ నంబర్ ఎప్పటికీ మారదు. గేటుకో, కాలింగ్ బెల్లుకో అయితే పర్లేదు. కారుకి కాదు. ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. ఆయన రెండు నిమిషాలు ఆలోచించి ఒక మాటన్నారు. “అంటే పొద్దున కొన్న టికెట్టే రోజూ చూపించినా బస్సెక్కనిస్తుందన్నమాట. ఆ కండక్టర్ని సస్పెండ్ చెయ్యాలిరా.”

నేను ఇంటర్నెట్‌లో చదివిన పేజీలన్నిటికంటే ఆ ఒక్క మాటే నాకు బాగా అర్థమైంది. అందుకే మిగతా చరిత్ర మా నాన్న భాషలోనే చెప్తాను.

టికెట్ మెషిన్లు రాకముందు కండక్టర్ దగ్గర టికెట్ కట్టలుండేవి. ప్రతి టికెట్ మీదా వరస నంబర్. స్టేజీ మారినప్పుడల్లా ఏ నంబర్ దగ్గరున్నాడో కండక్టర్ తన షీటులో రాసుకోవాలి. చెకింగ్ వాళ్లు ఎక్కితే ముందు చూసేది ఆ షీటే. ప్రయాణికుడి చేతిలో టికెట్ నంబర్, షీటులో ఉన్న నంబర్ కంటే బాగా వెనకది అయితే అది పాత టికెట్. ఎవరో వాడి పారేసింది. దొరికిపోతాడు.

రోలింగ్ కోడ్ అంటే ఇదే. 1980ల మధ్యలో దక్షిణాఫ్రికాలోని నానోటెక్ అనే కంపెనీలో కీలాక్ అనే పద్ధతి తయారైంది. దాని గణితం గిడియన్ కూన్‌ది, దాన్ని చిప్పులోకి ఎక్కించింది విల్లెం స్మిట్. రిమోట్‌లో ఒక లెక్క ఉంటుంది, కారులో ఒక లెక్క ఉంటుంది. నొక్కిన ప్రతిసారీ రిమోట్ లెక్క ఒకటి పెరుగుతుంది. ఆ లెక్కని రహస్య తాళంతో గజిబిజి చేసి 32 బిట్లుగా మార్చి, దానికి రిమోట్ సీరియల్ నంబర్, ఏ బటన్ నొక్కామో అవీ కలిపి మొత్తం 66 బిట్లు గాల్లోకి వదులుతుంది. వినేవాడికి ప్రతిసారీ కొత్త చెత్తలా కనిపిస్తుంది. కారు దాన్ని విప్పి చూసి, తన షీటులో ఉన్నదానికంటే ముందు నంబర్ అయితేనే తలుపు తీస్తుంది. పాత నంబర్ వస్తే పట్టించుకోదు.

ఇక్కడ మీకో డౌట్ రావాలి. ఊరికే జేబులో బటన్ నొక్కుకుపోతే? కారు దగ్గర లేదు, రిమోట్ లెక్క మాత్రం ముందుకెళ్లిపోయింది కదా. దానికీ ఏర్పాటు ఉంది. మామూలుగా 16 నంబర్ల వరకూ ముందుకెళ్లినా కారు ఒప్పుకుంటుంది. అంతకంటే ఎక్కువ దూరం వెళ్లిపోతే వరసగా రెండుసార్లు నొక్కాలి, రెండూ వరస నంబర్లయితే షీటు సరిచేసుకుంటుంది. నాన్నకి ఇది చెప్తే, “చిరిగిన టికెట్లు నాలుగైదు తీసేస్తాంగా, అలాగ” అన్నారు. అంతే మరి.

ఈ పద్ధతిని 1995లో అమెరికాకి చెందిన మైక్రోచిప్ కంపెనీ కోటి డాలర్లకి పైగా పెట్టి కొనేసింది. హెచ్‌సీఎస్ అని పేరుతో మొదలయ్యే చిప్పులుగా అమ్మింది. పెద్ద పెద్ద కార్ల కంపెనీలూ, గ్యారేజీ గేట్ల వాళ్లూ వాడారు. బాబాయ్ సలహాతో నేను రెండోసారి కొన్న కంట్రోల్ పెట్టె కూడా ఈ రకందే. అది 850 రూపాయలు. మోటార్లు, వైర్లు పాతవే ఉంచేశాం, పెట్టె, రిమోట్లు మార్చామంతే. డూప్లికేట్ రిమోట్ పక్కన పెట్టి ఎంతసేపు నొక్కినా తలుపు కదల్లేదు. మీరెవరైనా కొంటుంటే అట్ట మీద రాసింది నమ్మకండి, షాపులోనే ఈ డూప్లికేట్ పరీక్ష చేయించుకోండి. ఒప్పుకోకపోతే పక్క షాపు ఉంటుంది.

బిగించడం గురించి కొంచెం ఆగి చెప్తాను, ఎందుకంటే చరిత్రలో ఎవరూ రాయని భాగం ఇదే. 800కి కంపెనీ నుంచి సెంట్రల్ లాకింగ్ లేదు. ప్రతి తలుపు లోపలా తాళానికి ఒక సన్నటి ఇనప కడ్డీ ఉంటుంది. మన మోటారు చేసేది ఆ కడ్డీని పైకీ కిందకీ లాగడమే. డ్రైవర్ తలుపుకి ఐదు వైర్ల మోటారు పెడతారు. రెండు వైర్లు మోటారుకి, మూడు వైర్లు ‘నా తాళం తీశారు, వేశారు’ అని పెట్టెకి చెప్పడానికి. అందుకే చేత్తో డ్రైవర్ తలుపు తాళం తీసినా మిగతా తలుపులూ తెరుచుకుంటాయి. వెనక తలుపులకి రెండు వైర్లవి చాలు, అవి చెప్పిన మాట వింటాయి, తిరిగి మాట్లాడవు.

డోర్ ప్యాడ్ విప్పేటప్పుడు గ్లాసు తిప్పే హ్యాండిల్ వెనక చిన్న క్లిప్పుంటుంది. బాబాయ్ దాన్ని పాత గుడ్డ పెట్టి అటూ ఇటూ లాగి తీశాడు, ఎగిరి ఎక్కడో పడింది, పావుగంట అందరం నేల మీద పాకాం. ప్యాడ్ వెనక ఒక పాలిథిన్ షీటు అంటించి ఉంటుంది. చాలామంది పనికిరానిదని చింపేస్తారు. అది లేకపోతే గ్లాసు పక్కనుంచి దిగే వాన నీళ్లు ప్యాడ్‌లోకి వస్తాయి, అట్ట ఉబ్బిపోతుంది. జాగ్రత్తగా మళ్లీ అంటించాం. తలుపులోంచి బండిలోకి వైర్లు పోయే చోట రబ్బరు గొట్టం తప్పనిసరి, లేకపోతే తలుపు తీసి వేసినప్పుడల్లా వైరు రేకుకి రాసుకుని ఎప్పుడో ఒకరోజు తెగుతుంది, లేదా షార్ట్ అవుతుంది. బ్యాటరీ నుంచి వచ్చే వైరుకి దగ్గర్లోనే ఫ్యూజు వేశాం. బాబాయ్ కూలీ 700. రెండో పెట్టె మార్చడానికి తీసుకోలేదు, టీ మాత్రం తాగాడు. మొత్తం 3,450. షాపువాడు మొదటే నిజం చెప్పుంటే 2,800లోపే అయ్యేదని ఇప్పటికీ లెక్కేసుకుంటాను.

అయిపోయిందనుకున్నాం. అవలేదు.

రెండో రోజు సాయంత్రం నాన్న ఎడంచేత్తో రిమోట్ నొక్కి, తలుపు తీసుకుని, ఎవర్నీ పిలవకుండా బండిలో కూర్చున్నారు. అమ్మ గుమ్మంలోంచి చూస్తోంది, ఏమీ అనలేదు. తలుపు వేసుకున్నారు. రేడియో పెట్టారు. కాసేపటికి టక్‌మని నాలుగు తలుపులూ లాక్ అయిపోయాయి. ఎవరూ ఏమీ నొక్కలేదు. ఆయన కంగారుగా కుడిచేత్తో లాక్ మీట తీయబోయారు, ఆ చెయ్యి రాదు. రిమోట్ చేతిలోంచి సీటు కిందకి జారింది. తర్వాత ఎడంచెయ్యి అడ్డంగా తెచ్చి తీసుకున్నారు. మహా అయితే ఒక నిమిషం. కానీ గ్లాసు అవతల ఆయన మొహం నేను మర్చిపోలేను.

కారణం ఇది. ఇలాంటి పెట్టెల్లో చాలావాటికి ఒక ‘తెలివి’ ఉంటుంది. రిమోట్‌తో తాళం తీశాక అర నిమిషంలోపు ఏ తలుపూ తెరవకపోతే, పొరపాటున నొక్కారనుకుని మళ్లీ తాళం వేసేస్తుంది. దొంగల భయంతో పెట్టిన ఏర్పాటు. మరి తలుపు తెరిచారో లేదో దానికెలా తెలుస్తుంది? తలుపు సందులో ఉండే స్విచ్ వైరు, లోపలి లైటు వెలిగేది దాంతోనే, అది పెట్టెకి కలపాలి. మేం తొందరలో ఆ ఒక్క వైరు కలపలేదు. దాని దృష్టిలో మా నాన్న ఇంకా బయటే ఉన్నాడు.

ఇది నవ్వుకుని వదిలేసే విషయం కాదు. 2025 మే నెలలో విజయనగరం జిల్లా ద్వారపూడిలో ఆడుకుంటూ కారెక్కిన నలుగురు పిల్లలు, తలుపులు లాక్ పడిపోయి ఊపిరాడక చనిపోయారు. ఆ బండిలో ఏ తాళం ఉంది, ఎలా పడిందన్న దానిలోకి నేను వెళ్లను. నేను చెప్పేది మా బండి సంగతి. మా వీధిలోనూ పిల్లలు దాగుడుమూతలాడతారు, మా వేపచెట్టు కిందే. మర్నాడే బాబాయ్ దగ్గరికి వెళ్లి ఆ స్విచ్ వైరు కలిపించాను. వెనక తలుపులకి ఉండే చైల్డ్ లాక్ తీసేయించాను. లోపలి నుంచి చేత్తో లాక్ మీట లాగితే ప్రతి తలుపూ వస్తుందో లేదో ఒక్కొక్కటీ కూర్చుని చూశాను. మీరు పాత బండికి ఇలాంటిది బిగిస్తే ముందు చేయాల్సిన పరీక్ష రిమోట్ ఎంత దూరం నుంచి పనిచేస్తోందన్నది కాదు, ఇది. ఎండలో గ్లాసులు మూసిన కారు ఎంత త్వరగా కాలిపోతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక మిగతా చరిత్ర త్వరగా చెప్పేస్తాను. కీలాక్ కూడా ఎప్పటికీ నిలవలేదు. 2008లో జర్మనీలోని బోహుమ్ యూనివర్సిటీ పరిశోధకులు, చిప్పు పనిచేసేటప్పుడు ఎంత కరెంటు తీసుకుంటోందో కొలిచి, తయారీదారు రహస్య తాళాన్నే బయటికి లాగారు. అది తెలిశాక దూరం నుంచి రెండు సిగ్నళ్లు వింటే రిమోట్‌కి నకలు చేయొచ్చని చూపించారు. 2015లో శామీ కమ్‌కార్ అనే అమెరికన్ 32 డాలర్ల ఖర్చుతో ఒక పరికరం చేశాడు. అది ఇంకా సింపుల్. మీరు నొక్కిన సిగ్నల్ కారుకి చేరకుండా అడ్డుకుని దాచుకుంటుంది. మీరు మళ్లీ నొక్కుతారు, రెండోదీ దాచుకుని మొదటిది వదులుతుంది. కారు తెరుచుకుంటుంది, మీరు హ్యాపీ. వాడి దగ్గర ఇంకా చింపని టికెట్ ఒకటి మిగిలింది. మా నాన్న మాటల్లో, “ఇది కండక్టర్ తప్పు కాదు, జేబుదొంగ పని.”

బటనే నొక్కక్కర్లేని కార్లున్నాయి కదా, రిమోట్ జేబులో ఉంటే చాలు, తలుపు పట్టుకోగానే తెరుచుకుంటుంది. షెవర్లే కార్వెట్‌లో 1993కే అలాంటిది వచ్చింది. 1998లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌తో అది ఖరీదైన కార్ల గుర్తుగా మారింది. 2011లో జ్యూరిచ్ పరిశోధకులు ఎనిమిది కంపెనీల పది మోడళ్లు తీసుకుని పరీక్షించారు. ఒక యాంటెన్నా కారు దగ్గర, ఇంకోటి రిమోట్ ఉన్న చోట పెట్టి మధ్యలో సిగ్నల్ మోసుకుపోతే, కారు రిమోట్ పక్కనే ఉందనుకుంది. పదికి పదీ తెరుచుకున్నాయి, స్టార్ట్ కూడా అయ్యాయి. ఇక్కడ కోడ్ విప్పక్కర్లేదు, దూరాన్ని దాచిపెడితే చాలు. బ్లూటూత్‌తో ఫోనే తాళంచెవి అయ్యే పద్ధతిలోనూ ఇదే కిటుకు పనిచేస్తుందని 2022లో ఎన్‌సీసీ గ్రూప్ వాళ్లు టెస్లా కారు మీద చూపించారు. కాబట్టి “ఫోన్‌తో తెరుచుకునే కిట్ వెయ్యి రూపాయలకే” అని రీల్స్‌లో చూసినప్పుడు ఒక్క నిమిషం ఆగండి. కోట్లు పెట్టి చేసేవాళ్లకే తిప్పలు తెచ్చిన సమస్య అది.

పుష్ బటన్ స్టార్ట్ కూడా పెట్టిద్దామని మా తమ్ముడు ఒకటే గొడవ. నేను వద్దన్నాను. పాత బండిలో తాళంచెవి తీస్తే స్టీరింగ్ లాక్ పడుతుంది. చెవి లేకుండా స్టార్ట్ చేయాలంటే ఆ లాక్‌ని తీసేయాలి, లేదా చెవిని అందులోనే వదిలేయాలి. బండి కదులుతుండగా అది పడితే ఏమవుతుందో ఊహించుకోండి. తలుపు వేరు, ఇంజిన్ వేరు. మాకు కావాల్సింది తలుపే.

బ్యాటరీ గురించి ఒక్క మాట. మల్టీమీటర్ పెట్టి చూస్తే ఈ పెట్టె ఊరికే ఉన్నప్పుడు 20 మిల్లీఆంప్స్ తాగుతోంది. రోజుకి దాదాపు అర ఆంపియర్-అవర్. మా 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ, కదలని బండిలో, ఐదు వారాల్లో సగం అయిపోతుంది. రేడియో సంగతి సరేసరి. అందుకని తమ్ముడు ప్రతి ఆదివారం బండిని గుడివాడ దాకా తీసుకెళ్లి వస్తాడు. నాన్న పక్క సీట్లో. బ్యాటరీ పడిపోయిన రోజున రిమోట్ పనిచేయదు, డ్రైవర్ తలుపుకి ఈ పాత చెవే గతి. అందుకే దీన్ని పారేయలేదు, గుమ్మం పక్కన మేకుకి వేలాడుతూ ఉంటుంది. ఈ ఎపిసోడ్ కోసం అడిగి తెచ్చాను, రేపు తిరిగి పంపాలి.

పోయిన వారం వెళ్లినప్పుడు రిమోట్ వెనక చిన్న తెల్ల కాగితం అంటించి ఉంది. నాన్న ఎడంచేత్తో, వంకరటింకర అంకెలతో, రిమోట్‌లో బిళ్ల బ్యాటరీ మార్చిన తేదీ రాసుకున్నారు. దాని కింద ఇంకో తేదీకి ఖాళీ గీత గీసి పెట్టారు.